చీటీల కింద శోభనాద్రి

బందరు నుంచి చిలకలపూడి వెళ్లే దారిలో, గిల్టు నగల షెడ్లు మొదలయ్యే మలుపు దగ్గర, పెంకుల కప్పుతో ఒంటి గది ఒకటుంది. రెండు కిటికీలు, ముందు ఒక అరుగు. పగటిపూట దాన్ని పఠన మందిరం అంటారు. చీకటి పడ్డాక మాత్రం ఎవరూ దాని పేరెత్తరు. "ఆ గది" అంటారు, అంతే.

షెడ్లలో పని ముగించుకుని ఇళ్లకెళ్లేవాళ్లు ఆ మలుపు రాగానే సైకిలు జోరు పెంచుతారు. బెల్లు కొట్టరు. నోట్లో బీడీ ఉంటే పారేస్తారు. నలుగురు కలిసి వెళ్తున్నా సరే, అక్కడ మాటలు ఆగిపోతాయి.

ఎందుకంటే లోపల్నుంచి చప్పుడు వస్తుందట...

కాగితం మీంచి కాగితం ఊడదీస్తున్నట్టు. చర్ర్‌... కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ — చర్ర్‌...

"శోభనాద్రి గారు... చీటీలు పీక్కుంటున్నారు."

చచ్చిపోయాక ఆయన్ని "గారు" అంటున్నారు చూడండి, అదీ భయమంటే. బతికుండగా ఆ మర్యాద చేసినవాళ్లు బహు తక్కువ.

నాది ఆ గదికి ఎదురిల్లు. గొలుసులకు కొక్కేలు తగిలించడం నా పని. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కనక అన్నీ వింటాను. నాకు దెయ్యాలంటే భయం లేదు. బతికున్న మనుషులతో వేగడానికే నా ఓపిక చాలడం లేదు, చచ్చినవాళ్ల కోసం ఇంకెక్కణ్ణుంచి తెచ్చేది? కానీ తుఫాను పోయిన మూడు నెలలకి ఆ గదిలో జోహ్రాకి ఏం జరిగిందో నాకు తెలుసు. జోహ్రాయే చెప్పింది. ఆ పిల్ల అబద్ధమాడదు. ఆడటం వచ్చి ఉంటే ఇంకాస్త సుఖంగా బతికేది.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి.

జోహ్రా తండ్రి మీరా సాహెబ్ పుస్తకాల బైండరు. బడి పుస్తకాలు, కోర్టు కాగితాలు, ఖురాను, బైబిలు — ఏది తెచ్చినా కుట్టి అట్ట వేసిస్తాడు. కూతురు ఆరో తరగతితో బడి మానేసింది. మానేసిందన్న మాటే గాని, కొట్టుకి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ అట్ట పడేలోపు చదివేసేది. లాయరుగారి పుస్తకాలు కూడా వదల్లేదు.

ఆ పిల్లే ఒకరోజు నాలుగొందల తెల్లకాగితాలు కుట్టి, ఎర్ర అట్ట వేసి తెచ్చి పఠన మందిరం బల్ల మీద పెట్టింది. చర్చ పుస్తకం. ఆదివారం పొద్దున పైన ఒక ప్రశ్న రాస్తుంది. శనివారం సాయంత్రం దాకా ఎవరైనా వచ్చి దాని కింద జవాబు రాయొచ్చు. ఆ జవాబు నచ్చకపోతే ఇంకొకరు దాని కింద రాయొచ్చు. పేరు పెట్టాలి. మాటని తిట్టొచ్చు గాని మనిషిని తిట్టకూడదు. ఎవరింట్లో ఆడవాళ్లనీ లాగకూడదు. ప్రశ్న వదిలేసి పక్కకి పోకూడదు.

నియమం తప్పిన రాత మీద జోహ్రా తెల్లచీటీ అంటించేది. చింపేది కాదు, వెనక పేజీలో ఇంకొకరి మాట ఉంటుంది కదా. కొట్టేసేది కూడా కాదు. కొట్టేసిన దాన్నే పట్టుకుని చదవాలని జనానికి సరదా. అంటించడానికి వాళ్ల నాన్న కాచిన మైదా జిగురు వాడేది. ఆ జిగురు కాస్త నీలంగా ఉండేది. మైలుతుత్తం కలిపేవాడాయన.

"విషం కదా మావయ్యా, ఎందుకు కలపడం?" అని అడిగాను ఒకసారి.

"పుస్తకం నూరేళ్లు ఉండాలంటే లోపల కాస్త విషం ఉండాలమ్మా," అన్నాడు నవ్వుతూ.

మొదటి ఏడాది ఎంత బావుండేదో! కూరగాయలమ్మే సీతమ్మకి అక్షరాలు కూడబలుక్కుని రాయడమే వచ్చు. "కాలవ నీళ్లు చివరి పొలానికి ఎందుకు చేరవు?" అన్న ప్రశ్నకి ఆవిడ రెండు పేజీలు రాసింది. మిషన్ బడి మాస్టారు దేవదానం గారు దాని కింద, "ఇది మా పిల్లలకి చదివి వినిపించాను" అని రాశారు. ఆ ఒక్క ముక్కనీ సీతమ్మ నా చేత నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారికి కళ్లు తుడుచుకుంది.

అప్పుడొచ్చాడండీ శోభనాద్రి.

సర్వే ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. జేబులో ఎప్పుడూ ఆకుపచ్చ సిరా పెన్ను. ఏ ప్రశ్న పెట్టినా "ముందు ఈ ప్రశ్నే తప్పు" అని మొదలెట్టేవాడు. సీతమ్మ రాతలో తప్పులకి ఆకుపచ్చ సున్నాలు చుట్టి, పక్కన మార్కులు వేశాడు — వందకి పదకొండు! ఆవిడ మళ్లీ ఆ గుమ్మం ఎక్కలేదు. దేవదానం గారి జవాబు కింద ఆయన తాతలు ఎవరో, ఏం పని చేసేవారో తవ్వి రాశాడు. ఆయన మర్యాదస్థుడు. "ఈమధ్య తీరిక ఉండటం లేదమ్మా" అని జోహ్రాతో చెప్పి, రావడం మానేశారు.

చీటీ వేస్తే చీటీ మీద రాసేవాడు. "ఎమర్జెన్సీ ఢిల్లీలో ఎత్తేశారు, బందర్లో ఎత్తెయ్యలేదు" అని. దాని మీద ఇంకో చీటీ. ఆ చీటీ మీద మళ్లీ ఆకుపచ్చ. ఒక పేజీ అయితే అట్టలాగా బిరుసెక్కిపోయింది. అదీ చాలక ఎడంచేత్తో వంకర అక్షరాలు చెక్కి, "ఒక మిత్రుడు" అని పేరు పెట్టి, తనని తానే మెచ్చుకునేవాడు. అదే ఆకుపచ్చ సిరాతో! దొంగతనానికి వెళ్తూ చొక్కా మీద పేరు కుట్టించుకున్నట్టు.

నేను ఎదురుగానే అడిగాను. "బాబాయిగారూ, మీకు పొద్దుపోకపోతే మా అరుగు మీదకి రండి, కొక్కేలు తగిలిద్దురు గాని. ఆ పిల్ల ప్రాణం ఎందుకు తీస్తారు?"

"చర్చంటే ఇదేనమ్మాయ్," అన్నాడు తాపీగా. "నేను రాయకపోతే మీ పుస్తకం తెరిచేదెవరు?"

ఒళ్లు మండేది ఎక్కడంటే, అందులో కొంత నిజం ఉంది. చీటీ కింద ఏముందా అని పేజీని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి చూసే పెద్దమనుషుల్ని నేను కళ్లారా చూశాను.

జోహ్రా మూడుసార్లు మందిరం కార్యదర్శి ఈశ్వరప్రసాద్ గారి దగ్గరికి వెళ్లింది, శోభనాద్రిని ఇక రావద్దని చెప్పమని. "పెద్దాయనమ్మా... ఒంటరివాడు... పోనిద్దూ." మూడుసార్లూ అదే పాట. పోనివ్వడం ఊళ్లో అందరికీ వచ్చు. ఎవరు పోతున్నారో చూడటం మాత్రం ఎవరికీ రాదు. రావడం మానేసిన పదకొండు మంది పేర్లు ఒక కాగితం మీద రాసి, నాకు చదివి వినిపించింది జోహ్రా.

"వీళ్లలో పెద్దవాళ్లు లేరా అక్కా? ఒంటరివాళ్లు లేరా?" అంది.



ఆ నవంబరులో, "ఆడపిల్లకి సైకిలు అవసరమా?" అని ప్రశ్న పెట్టింది. గురువారం సాయంత్రం పుస్తకం తెరిచేసరికి ఆకుపచ్చగా ఏడెనిమిది లైన్లు. అప్పటికే విసిగిపోయి ఉంది పిల్ల. చదవలేదు. రంగు చూసింది, చాలు. రెండు పొరల జిగురు పూసి, చీటీ వేసి, పిడికిలితో గుద్ది మరీ అంటించింది.

శనివారం పొద్దున చూస్తే ఆ చీటీ మీద తిట్లు లేవు. ఆఫీసు ఫైలు మీద పెట్టినట్టు పొట్టి సంతకం ఉంది. "శో". దాని కింద తేదీ, 18-11. అంటే ముందురోజు శుక్రవారం. ఇంకేమీ లేదు.

ఇద్దరం ఎంత నవ్వామో!

"ఓడిపోయాడక్కా."

"చూశానని సంతకం పెట్టి పోయాడే. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది?"

మా ఇంటికొచ్చి టీ పెట్టుకుని తాగాం. వాన మొదలైంది. ఆ టీ రుచి నాకింకా గుర్తుంది.

ఆ రాత్రే ఉప్పెన.

దాని గురించి ఇక్కడ రాయను. ఈ జిల్లాలో ఉన్నవాళ్లెవరికీ చెప్పక్కర్లేదు. శోభనాద్రి ఆ శనివారం పొద్దున నాగాయలంక బస్సెక్కాడని, అక్కడ ఆయన చెల్లెలు ఉండేదని పది రోజులకి తెలిసింది. చెల్లెలి ఇల్లు లేదు. చెల్లెలు లేదు. ఆయనా లేడు. శవం కూడా దొరకలేదు.

జనవరిలో పఠన మందిరం మళ్లీ తెరిచారు. ఎగిరిపోయిన పెంకుల చోట తాటాకులు కప్పారు. కరెంటు మాత్రం ఇంకా రాలేదు. బీరువా పై అరలో ఉండబట్టి పుస్తకం బతికింది. కాకపోతే తేమకి ఉబ్బిపోయి, అట్ట సరిగ్గా మూసుకోకుండా తయారైంది. లోపల చీటీలన్నీ ఊడి, పేజీల మధ్య రాలి ఉన్నాయి — ఒక్కటి తప్ప. ఆ రెండు పొరల జిగురుది.

"మనిషే పోయాడుగా. ఇంకెందుకే, వదిలెయ్," అన్నాను.

"సీతమ్మత్తకి వేసిన పదకొండు మార్కులు అక్కడే ఉన్నాయక్కా," అంది జోహ్రా.

కొత్త జిగురు కాచి తెచ్చి ఒక్కొక్కటే మళ్లీ అంటించింది. ఊడని ఆ చీటీకి కూడా అంచుల చుట్టూ కాగితం పట్టీలు వేసింది, మధ్యలో సంతకం కనపడేట్టు వదిలేసి.

వారం తిరిగేసరికి మొదలైంది.

పొద్దున తలుపు తీస్తే... బల్ల మీద రెండు చీటీలు. పుస్తకంలో ఆకుపచ్చ అక్షరాలు పళ్లు బయటపెట్టినట్టు కనపడుతున్నాయి. మర్నాడు మూడు చీటీలు. వేసిన తాళం వేసినట్టే ఉంది. కిటికీ గడియలు లోపల్నుంచి బిగించే ఉన్నాయి. మళ్లీ అంటించింది. మళ్లీ ఊడాయి.

ఊడినవన్నీ శోభనాద్రివే. ఒక్కటి — ఒక్కటంటే ఒక్కటి కూడా ఇంకొకరిది కాదు.

ఊరు ఊరుకుంటుందా? "బతికుండగా నోరు మూశారు. ఇప్పుడు విప్పుకుంటున్నాడు," అన్నారు. రాత్రిళ్లు చప్పుడు వినపడిందన్నారు. ఆకుపచ్చ వెలుగు కనపడిందని కూడా ఒకాయన చెప్పాడు. ఆయన ఆ రాత్రి ఏ కొట్లోంచి వస్తున్నాడో నాకు తెలుసు కనక అది వదిలేస్తున్నాను. ఫిబ్రవరి సగానికొచ్చేసరికి ఆ గదికి జోహ్రా తప్ప ఇంకొకరు రావడం మానేశారు. ఎక్కువ చదువుకున్నవాళ్లు అందరికంటే ముందు మానేశారు.

ఒక శుక్రవారం ఈశ్వరప్రసాద్ గారు వచ్చారు. గుమ్మం ఇవతలే నిలబడ్డారు. చెప్పులు కూడా విప్పలేదు.

"అమ్మాయ్... సోమవారం పొద్దున రిక్షా తెస్తాను. ఆ పుస్తకాన్ని మంగినపూడి తీసుకెళ్లి సముద్రంలో వదిలేద్దాం. ఆయనా అందులోనే కదా పోయాడు... శాంతిస్తాడు."

"అందులో సీతమ్మత్త రాసింది ఉందండీ. దేవదానం గారు రాసింది ఉంది."

"బతికున్నవాళ్లదేముంది? మళ్లీ రాసుకుంటారు."

"రాయరండీ," అంది జోహ్రా. "ఒకసారి మానేసినవాళ్లు మళ్లీ రాయరు."

ఆయన వినిపించుకోలేదు. వినిపించుకునేవాడైతే మాకీ బాధే లేకపోను.

ఆ సాయంత్రం మా ఇంటికొచ్చి, నేను కొక్కేలు తగిలిస్తుంటే ఎదురుగా కూర్చుంది. "ఆదివారం రాత్రి నేనక్కడే కూర్చుంటానక్కా. మనిషైతే పట్టుకుంటా."

"మనిషి కాకపోతే?"

"అడుగుతా."

"ఏమని?"

"ఉన్నన్నాళ్లూ నన్ను తిన్నది చాల్లేదా అని."

మీరా సాహెబ్ ఒక పట్టాన ఒప్పుకోలేదు. నేను ఆ గది అరుగు మీద పడుకుంటానంటే సరేనన్నాడు. పడుకున్నాను, మాట తప్పలేదు. కాకపోతే నిద్ర కూడా పోయాను. పొద్దస్తమానం కొక్కేలు తగిలించిన ఒళ్లు, ఏం చేస్తుంది? కనక ఇక్కణ్ణుంచి జోహ్రా నాకు చెప్పిందే చెప్తున్నాను.

లాంతరు వత్తి తగ్గించి బీరువా పక్కన పెట్టింది. బల్ల మీద పుస్తకం. ఉబ్బిపోయిన పుస్తకం కనక దానంతటదే ఆ సైకిలు ప్రశ్న పేజీ దగ్గర తెరుచుకుంది. ఆ చీటీ... ఆ సంతకం...

చాలాసేపు ఏమీ లేదు. రోడ్డు మీద ఒక సైకిలు జోరుగా పోయింది. ఆ తర్వాత కుక్క కూడా మొరగలేదు.

ఒంటి గంట దాటిందేమో.

చర్ర్‌...

గాలా? కిటికీలు మూసే ఉన్నాయి. లాంతరు వెలుగు కదలడం లేదు.

చర్ర్‌... చర్ర్‌...

బల్ల మీంచే. పుస్తకంలోంచే.

"శోభనాద్రి గారూ..." అని గుసగుసగా పిలిచింది.

చప్పుడు ఆగిపోయింది.

ఎవరో విన్నట్టు... విని ఆగినట్టు...

"చెప్పండి," అంది జోహ్రా. "ఏం కావాలి మీకు?"

అప్పుడు కనపడింది. చీటీ చుట్టూ వేసిన పట్టీ ఒక మూల వణికింది. లేచింది. కింద గోరు పెట్టి ఎవరో నెమ్మదిగా ఎత్తుతున్నట్టు — కొంచెం... ఇంకొంచెం... నిటారుగా నిలబడింది. దాని కిందనించి సన్నగా, వెంట్రుకల్లాంటివి రెండు బయటికి వచ్చాయి. గాలిలో అటూ ఇటూ ఆడుతూ... తడుముకుంటూ... ఆమె వైపే తిరిగాయి.

రెండు చేతులతో లాంతరు ఎత్తి మీదకి పట్టింది.

ఆ కేకకే నాకు మెలకువ వచ్చింది.

తలుపు తోసుకుని లోపలికి పడ్డాను. జోహ్రా నేల మీద కూర్చుని ఉంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. ఆమె చేతుల మీదుగా, బల్ల మీదుగా, గోడ మీదుగా — గోధుమరంగు బొద్దింకలు! డజన్లకి డజన్లు! పట్టీల కింద దూరి, జిగురు గీరుకుని తింటున్నాయి.

"బొద్దింకలక్కా... బొద్దింకలతో మాట్లాడానక్కా... గారూ అన్నానక్కా!"

నేను చెప్పు తీసుకుని ఆ సభ్యులందరికీ తగిన మర్యాద చేశాను.

కేక విని పక్క సందులోంచి మీరా సాహెబ్ తువ్వాలు భుజాన వేసుకుని పరిగెత్తుకొచ్చాడు. ఊడిన పట్టీ ఒకటి తీసి, వెనక గోటితో గీరి, లాంతరు దగ్గర పెట్టి చూశాడు. తెల్లగా ఉంది.

"తుత్తం ఏదే?"

జోహ్రా చేతి మీంచి ఒక బొద్దింకని దులిపేసుకుంది.

"తుత్తం ఏదే అంటున్నాను."

"తుఫానుకి మన డబ్బా కొట్టుకుపోయింది కదా అబ్బా... బజార్లో దొరకలేదు... ఒక్కసారికి ఏమవుతుందిలే అని..."

"బైండరు కూతురివి! తుత్తం లేని జిగురు పూసి పుస్తకం పెట్టావా? బొద్దింకలకి విస్తరేసి పిలిచావు కదే! ఈ సంగతి బయట తెలిస్తే రేపు నాకు ఎవరైనా పని ఇస్తారా?"

ఇక నవ్వు ఆగలేదు మాకు. ఇన్నాళ్ల భయమంతా నవ్వులోంచి పోయింది.

మరి ఊడినవన్నీ శోభనాద్రివే ఎందుకు? ఆ లాంతరు వెలుగులోనే పేజీలు తిప్పి లెక్కపెట్టాను. మొత్తం నలభై మూడు చీటీలు. అందులో నలభై రెండు ఆయనవే. ఏది ఊడినా ఆయనదే అవుతుంది మరి! నలభై మూడోది నాది. ఆయన్ని ఉద్దేశించి రాసిందే. ఏం రాశానో అడక్కండి. మళ్లీ అంటించాక అది ఇంకా ఊడలేదు, నా అదృష్టం.

మీరా సాహెబ్ ఆ సైకిలు పేజీ మీద వంగి, మధ్య చీటీని వేలితో నొక్కి మురిసిపోయాడు. "ఇది చూడండి. ఇది నా జిగురు. చుట్టూ పట్టీలన్నీ తినేశాయి గాని దీన్ని ఒక్క పురుగు ముట్టలేదు."

జోహ్రా నవ్వు అక్కడ ఆగింది.

"అబ్బా... దాన్ని తియ్యగలవా?"

"ఎందుకే?"

"మిగతావన్నీ చదివే అంటించాను. అదొక్కటీ... చదవలేదు."

ఆయన తువ్వాలు కొస తడిపి చీటీ మీద పరిచాడు. ముగ్గురం లాంతరు చుట్టూ కూర్చున్నాం. నానాక, అట్టలు మడిచే చెక్కముక్క అంచుతో, చంటిపిల్ల గోరు తీస్తున్నట్టు తీశాడు. చీటీ మొత్తంగా వచ్చింది. జోహ్రా లాంతరు దగ్గరికి జరుపుకుని చదివింది.

"ఈ వారం ప్రశ్నకి సంబంధం లేని సంగతి రాస్తున్నాను. నియమం తప్పుతున్నానని తెలుసు. చీటీ వేసే ముందు ఒక్కసారి చదవమని మనవి. నాలుగేళ్లుగా మాటలు లేని మా చెల్లెలు నాగాయలంక నుంచి కబురు పంపింది, శనివారం రమ్మని. రేడియోలో వాయుగుండం అంటున్నారు. వెళ్లమంటారా, ఆగమంటారా? ఇంట్లో అడగడానికి ఎవరూ లేరు. ఇక్కడైతే నలుగురూ ఉంటారు గనక అడుగుతున్నాను. ఎవరైనా ఒక్క మాట రాస్తే చాలు. శుక్రవారం సాయంత్రం వచ్చి చూసుకుంటాను. — శోభనాద్రి."

శుక్రవారం సాయంత్రం వచ్చాడు. చూసుకున్నాడు. చీటీ చూశాడు. సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

మేం టీ తాగాం.

మీరా సాహెబ్ గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నాడు. నాకు ఏడుపు కంటే ముందు కోపమే వచ్చింది. ఉన్న నలుగురినీ తానే తరిమేసి, నలుగురూ ఉంటారని వచ్చి అడిగాడే, పిచ్చి మనిషి! మిగతా నలభై ఒక్క చీటీల విషయంలో నేను ఇవాళ్టికీ జోహ్రా పక్షమే. ఎవరేమన్నా సరే. కానీ ఆ ఒక్కటి...

తెల్లవారింది. ఈశ్వరప్రసాద్ గారు రిక్షాతో దిగారు. బొద్దింకల సంగతి చెప్తే ఆయన నవ్విన నవ్వుకి షెడ్లలోంచి జనం బయటికి వచ్చారు. "నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను, దెయ్యమేమిటి, నాన్సెన్స్!" ఆయన మొదట్నుంచీ ఏమన్నాడో నేను గుర్తు చెయ్యబోతే జోహ్రా నా చెయ్యి పట్టుకుంది. రిక్షా ఖాళీగా వెనక్కి పోయింది. పుస్తకం నిలిచింది.

ఆ పేజీ మీద జోహ్రా మళ్లీ చీటీ వెయ్యలేదు. ఆకుపచ్చ లైన్ల కింద నల్లసిరాతో రాసింది: "వెళ్లకండి. — జోహ్రా."

నేను కొక్కేలు పక్కన పెట్టి సీతమ్మ దగ్గరికి, దేవదానం గారి దగ్గరికి వెళ్లాను. రమ్మని బతిమాలలేదు. శోభనాద్రి రాసింది చదివి వినిపించానంతే. సీతమ్మ చాలాసేపు వంకాయల మీద నీళ్లు చల్లుతూనే ఉంది. "నన్ను కూడా అడిగినట్టేనా?" అంది చివరికి.

శనివారం సాయంత్రం ఇద్దరూ వచ్చారు. సీతమ్మ పెన్ను గట్టిగా పట్టుకుని, "ఎల్లొద్దు బాబూ. గాలి మంచిది కాదు" అని రాసింది. దేవదానం గారు, "దయచేసి ఆగండి. చెల్లెలు గారికి ఉత్తరం రాస్తే సరిపోతుంది" అని రాశారు. నేను, "ఎవరు వెళ్లమన్నారు మిమ్మల్ని? బస్సు దిగండి" అని రాశాను. నాకు అంతకంటే మర్యాదగా రాదు. అందరి తర్వాత ఈశ్వరప్రసాద్ గారు కళ్లజోడు తుడుచుకుని, "కమిటీ తరఫున: ప్రయాణం మానుకోవాలి" అని రాసి, పూర్తి సంతకం చేశారు. ఎవరూ నవ్వలేదు.

మిగతా చీటీలన్నీ అప్పటికే జోహ్రా తుత్తం కలిపిన నీలం జిగురుతో అంటించేసింది. కిటికీలు బిగించి, తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. పక్కనే నేనున్నాను.

ఆదివారం పొద్దున కొత్త ప్రశ్న రాయాలని ఇద్దరం కలిసే తలుపు తీశాం. తాళం వేసినట్టే ఉంది. గడియలు బిగించినట్టే ఉన్నాయి. ఒక్క చీటీ ఊడలేదు. వెతికినా ఒక్క బొద్దింక లేదు.

పుస్తకం ఆ పేజీ దగ్గరే తెరుచుకుని ఉంది.

ఈశ్వరప్రసాద్ గారి సంతకం కింద... ఆకుపచ్చగా... పొట్టిగా... "శో". దాని కింద తేదీ, 18-11.

జోహ్రా వంగి చూసింది. చీటీ డబ్బా మీదకి చెయ్యి పోలేదు.

"వెయ్యవా?" అన్నాను.

"ఏ నియమం తప్పాడక్కా?" అంది. "చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు."

ఏడాది దాటింది. ఆ వారమంతా నేను ఎవర్నీ వదల్లేదు. సీతమ్మ పిల్లల మీద ఒట్టేసింది. దేవదానం గారు బైబిలు మీద చెయ్యి పెట్టబోతే నేనే ఆపాను. ఈశ్వరప్రసాద్ గారిని అడిగితే, కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి పూజగదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు. ఆకుపచ్చ సిరా సీసా ఎవరింట్లోనూ లేదు. రాత్రిళ్లు చప్పుడు రావడం ఆగిపోయింది. అయినా జనం వస్తోందనే అంటారు, ఆ మలుపులో సైకిళ్లు జోరు పెంచుతూనే ఉన్నాయి. ఇప్పుడు నేను వాళ్లని ఎగతాళి చెయ్యడం లేదు.

దెయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. తుత్తం లేని జిగురుని బొద్దింకలు తింటాయి, అంతవరకూ నాకు అర్థమైంది.

బొద్దింకలు సంతకాలు పెట్టవు.